ఉర్లగడ్డ ఫ్లేక్స్‌కి ఎన్ని నీళ్లు పోయాలి?

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. అమెరికాలో ఉన్న మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ఉర్లగడ్డ ఫ్లేక్స్ అలవాటు చేసి వెళ్లింది. తర్వాత నేనే ఆన్‌లైన్‌లో కిలో ప్యాకెట్ తెప్పించాను. దాని మీద ‘వేడి నీళ్లు కలపండి’ అని ఉంది కానీ కొలత లేదు. మరిగే నీళ్లు పోస్తే ఉండలు కట్టింది, మిక్సీలో తిప్పితే పోస్టర్లు అంటించే బంకలా సాగింది. దాంతోనే బోండాలు చేస్తే బాణలిలో విచ్చుకున్నాయి. ఇంకోసారి 300 గ్రాముల మైదాలో ఒక కప్పు ఫ్లేక్స్ వేసి బ్రెడ్ చేశాను. మొదట పిండి రాయిలా ఉంది, నీళ్లు పోశాను, గంటకి జారిపోయింది, కాల్చాక మధ్యలో తడిగా మిగిలింది. ఇప్పుడు సగం ప్యాకెట్ ఉంది, అక్కడక్కడా గడ్డలు కట్టింది. పారేయాలా? దీపావళి మురుకుల్లో వాడొచ్చా? మా వారికి షుగర్ ఉంది, ఇది మామూలు ఉర్లగడ్డ కన్నా నయమేనా?

సమాధానం: అమ్మా, నమస్కారం. మీకు ఎదురైన ఇబ్బందులన్నీ, గడ్డలు కట్టడంతో సహా, నీళ్ల దగ్గరే మొదలయ్యాయి. ఎన్ని నీళ్లు, ఎంత వేడి నీళ్లు, పోశాక ఎంతసేపు ఆగాలి అన్న మూడూ తెలిస్తే ఈ సరుకు చాలా మంచి పనిముట్టు. తెలియకపోతే ఖరీదైన బంక.

ఫ్లేక్స్ అంటే మైదాలాంటి పచ్చి పిండి కాదు. ఉడికించి, మెదిపి, నీళ్లు తీసేసిన గడ్డ. ఈ పద్ధతిని 1950ల్లో అమెరికా వ్యవసాయ శాఖ వారు ఫిలడెల్ఫియా దగ్గరి పరిశోధనశాలలో రూపొందించారు. చెక్కు తీసి బిళ్లలుగా కోసిన గడ్డని ముందు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మరగని నీళ్లలో, ఇరవై నిమిషాలు ఉంచుతారు. తర్వాత చన్నీళ్లలో చల్లారుస్తారు. అప్పుడు ఆవిరి మీద పూర్తిగా ఉడికించి, మెదిపి, లోపల ఆవిరితో కాగే పెద్ద ఇనుప పీపా మీద పలచగా పూసి ఆరబెడతారు. కాగితంలా ఊడి వచ్చిన పొరని విరిస్తే ఫ్లేక్స్. మధ్యలో ఆ చల్లార్చడం ఎందుకంటే, గడ్డలోని ప్రతి కణం ఒక చిన్న సంచి, దాని నిండా గంజి. ఒకసారి వేడెక్కి చల్లారిన గంజి కొంత గట్టిపడి సంచిలోనే నిలుస్తుంది, తర్వాత మెదిపినా బయటికి తేలిగ్గా రాదు. సంచులు చిట్లకుండా ఉన్నంతవరకు మాష్, అంటే మెదిపిన ముద్ద, పొడిపొడిగా, వెన్నలా ఉంటుంది. చిట్లితే గంజి బయటపడి సాగుతుంది.

మీ మిక్సీ చేసిన పని అదే. బ్లేడు ఆ సంచుల్ని కోసేసింది. మరిగే నీళ్లు కూడా తోడయ్యాయి: వేడి ఎక్కువైన కొద్దీ గంజి ఎక్కువగా కారుతుంది, పైగా నీళ్లు తగిలిన చోట ఫ్లేక్స్ క్షణంలో పొర కట్టుకుని లోపలి భాగాన్ని పొడిగా వదిలేస్తాయి. మీరు చూసిన ఉండలు అవే. ఉండలు పోవాలని తిప్పారు, బంక వచ్చింది. ఉడికిన ఉర్లగడ్డని మిక్సీలో వేసినా ఇదే జరుగుతుంది.

కొలతకి వస్తే, కప్పుని నమ్మకండి, తక్కెడని నమ్మండి. 240 మిల్లీలీటర్ల కప్పు వదులుగా నింపితే సుమారు 60 గ్రాములు వస్తుంది. ప్యాకెట్ అడుగున నలిగి పొడైన ఫ్లేక్స్ అదే కప్పులో 80 గ్రాములు దాటొచ్చు. ఒకే ప్యాకెట్‌లో పైన ఒక లెక్క, అడుగున ఒక లెక్క. వంద రూపాయల మార్పు కోసం వెతుక్కున్నంత శ్రద్ధ ఈ ఇరవై గ్రాముల మీద పెడితే సగం కష్టం తీరుతుంది. పచ్చి గడ్డతో పోల్చాలంటే, కిలో ఉర్లగడ్డలు చెక్కు తీసి ఉడికిస్తే వచ్చే ముద్దకి దాదాపు 170 నుంచి 180 గ్రాముల ఫ్లేక్స్ సమానం. గడ్డలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే కదా.

మెత్తటి మాష్‌కి బరువుకి నాలుగున్నర రెట్లు ద్రవం కావాలి. 100 గ్రాముల ఫ్లేక్స్‌కి 300 మిల్లీలీటర్ల నీళ్లు, అర చెంచాకి పైగా ఉప్పు, 30 గ్రాముల వెన్న వేసి మరగనివ్వండి. పొయ్యి ఆపి, కాచి చల్లార్చిన పాలు 150 మిల్లీలీటర్లు పోయండి. గది వేడిలో ఉన్న పాలు పోస్తే మొత్తం 75 డిగ్రీలకి దిగుతుంది. మనకి కావలసింది 70 నుంచి 75. పాలు ముందే నీళ్లతో కలిపి మరిగిస్తే ఈ లాభం పోతుంది. ఇప్పుడు ఫ్లేక్స్ ఒకచోట కుప్పగా కాకుండా గిన్నె అంతా వర్షంలా చల్లండి. ఫోర్కుతో మెల్లగా కిందికి నొక్కి, కలపకుండా రెండు నిమిషాలు వదిలేయండి. తర్వాత అడుగు నుంచి పైకి పది పన్నెండు సార్లు తిప్పితే చాలు. గట్టిగా ఉందనిపిస్తే ఒక చెంచా వేడి పాలు. పలచనైతే వెంటనే ఇంకో గుప్పెడు వేయకండి, మూడు నిమిషాలు ఆగి చూడండి, చాలాసార్లు అదే బిగుస్తుంది.

బంకైపోయిన మాష్‌ని వెనక్కి తెచ్చే దారి లేదు. కానీ పారేయక్కర్లేదు. అందులో గోధుమపిండి కలిపి చపాతీ ముద్ద చేసుకోవచ్చు. సాగే గుణం అక్కడ దోషం కాదు.

బోండాలు విచ్చుకోవడానికి కారణం మాష్ కోసం పోసిన నీళ్లతోనే పూర్ణం చేయడం. నూనె 175 డిగ్రీలు ఉంటుంది, పూర్ణంలోని అదనపు నీరు 100 దగ్గరే ఆవిరవుతుంది. ఆ ఆవిరికి దారి లేక శనగపిండి తొడుగుని చీల్చుకుని వస్తుంది. పూర్ణానికి మూడు రెట్లు మించి పోయకూడదు. 100 గ్రాములకి 300 మిల్లీలీటర్లు, అంతే, పాలు వద్దు. పది నిమిషాలు ఆగాక చేత్తో ఉండ కడితే పగుళ్లు లేకుండా, వేలికి అంటకుండా రావాలి.

అయినా బోండాకి మొత్తం ఫ్లేక్స్ వాడమని చెప్పలేం. పంటికింద ముక్క తగలని బోండా బోండాలా ఉండదు. రెండూ కలిపి చేయండి: ఉడికించి చేత్తో బరకగా చిదిమిన గడ్డ 250 గ్రాములు, ఫ్లేక్స్ 40 గ్రాములు, వాటికి వేడి నీళ్లు 120 మిల్లీలీటర్లు. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చితో తిరగమోత పెట్టి, ఒక పెద్ద ఎర్రగడ్డని (ఉల్లిపాయని) సన్నగా తరిగి అందులో నీరు ఇగిరేదాకా వేయించి కలపండి. ఎర్రగడ్డ పచ్చిగా వేస్తే ఉప్పు తగలగానే నీరు వదులుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. 30 గ్రాముల చొప్పున పదిహేను ఉండలు వస్తాయి. పూర్ణం పూర్తిగా చల్లారాకే ముంచండి. వెచ్చగా ఉంటే ఉండ చెమర్చి తొడుగు జారిపోతుంది. తొడుగుకి శనగపిండి 150 గ్రాములు, బియ్యప్పిండి 30, ఉప్పు, కారం, చిటికెడు సోడా, నీళ్లు సుమారు 180 మిల్లీలీటర్లు. ముంచిన వేలి మీద పిండి చర్మం కనపడకుండా నిలవాలి. నూనె 160 కన్నా తగ్గితే తొడుగు గట్టిపడేలోపు నూనె పీలుస్తుంది, కాబట్టి ఒక్కసారికి ఐదారు కన్నా వేయకండి.

ఫ్లేక్స్ అసలు విలువ ఇంకోచోట ఉంది, దాని గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేం. కోయంబేడు మార్కెట్ నుంచి వచ్చే గడ్డ ఒకసారి ఊటీది, ఇంకోసారి ఉత్తరాది కోల్డ్ స్టోరేజీది. ఒకటి ఉడికితే పొడిపొడిగా విరుగుతుంది, ఒకటి తడిగా జిగటగా ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో ఎక్కువ కాలం ఉన్న గడ్డలో గంజి కొంత చక్కెరగా మారుతుంది కాబట్టి నూనెలో త్వరగా నల్లబడుతుంది కూడా. తడి గడ్డతో కట్లెట్ చేయాల్సి వస్తే చాలామంది కార్న్‌ఫ్లోర్ గానీ మైదా గానీ కలుపుతారు. అవి పచ్చి పిండ్లు. అరవై డిగ్రీలు దాటి వేడెక్కితే తప్ప నీటిని గట్టిగా పట్టుకోవు. అంటే మీరు ఒత్తేటప్పుడు ముద్ద తడిగానే ఉంటుంది, ఇంకా ఇంకా పిండి వేస్తారు, చివరికి కట్లెట్ పిండి రుచి వస్తుంది. ఫ్లేక్స్ ముందే ఉడికినవి, చల్లని తడినే పీల్చేస్తాయి, రుచి ఎలాగూ ఉర్లగడ్డదే. అర కిలో ఉడికిన తడి గడ్డకి 20 నుంచి 25 గ్రాములు చల్లి, కలిపి, పది నిమిషాలు ఆగండి. బీట్‌రూట్, క్యారెట్ తురుము వేసినప్పుడు ఇంకో 10 గ్రాములు. ఒత్తిన కట్లెట్లు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి వేయిస్తే అంచులు విరగవు.

ఇక్కడ మాత్రం మిక్సీ పనికొస్తుంది. పొడి ఫ్లేక్స్‌ని ఒక తిప్పు తిప్పి మెత్తగా చేస్తే కణాలు చిట్లి గంజి బయటపడుతుంది, బంక గుణం పెరుగుతుంది. మాష్‌ని చెడగొట్టిన గుణమే కట్లెట్‌ని పట్టి ఉంచుతుంది. ఈ పొడి ఒక చిన్న సీసాలో వేరుగా పెట్టుకోండి, మాష్‌కి మాత్రం ముట్టుకోకండి.

కుర్మా, సూప్, పూరీ కూర పలచనైతే అర లీటరుకి రెండు పెద్ద చెంచాలు, అంటే 8 గ్రాములు, పొయ్యి ఆపాక చల్లి కలపండి. గారెల పిండిలో నీళ్లు ఎక్కువైతే అదే రెండు చెంచాలు వేసి ఐదు నిమిషాలు ఆగండి, ఎక్కువ వేస్తే గారె లోపల ఉడికేలోపు పైన ఎర్రబడుతుంది. మసాలా దోసె కూర మాత్రం ఫ్లేక్స్‌తో చేయకండి. అది ముక్కల కూర.

బ్రెడ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడే అందరూ తప్పు లెక్క వేస్తారు.

ఉర్లగడ్డ బ్రెడ్ రెండో రోజు కూడా మెత్తగా ఉంటుందని మీ అమ్మాయి చెప్పి ఉంటారు, అది నిజమే. ముందే ఉడికిన గంజి నీటిని గట్టిగా పట్టుకుంటుంది, కాల్చాక కూడా వదలదు. కానీ పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ ఉర్లగడ్డలో లేదు. బ్రెడ్ పైకి లేచి నిలబడటానికి కావలసిన వల మైదాలోదే. ఫ్లేక్స్ పెరిగిన కొద్దీ ఆ వల పలచబడుతుంది. మైదా బరువులో 8 శాతం మేలు, 12 దాటితే మధ్యలో జిగురు. మీరు 300 గ్రాముల మైదాకి కప్పు వేశారు, అంటే కనీసం 60 గ్రాములు, 20 శాతం. ఆ బ్రెడ్ ఎంత కాల్చినా మధ్యలో తడి పోదు.

రెండో తప్పు నీళ్లది. ఫ్లేక్స్ మాష్‌లో నాలుగున్నర రెట్లు తాగుతాయి కదా అని బ్రెడ్‌లో కూడా అన్ని పోస్తే ముద్ద జారుతుంది. బ్రెడ్ ముద్ద మాష్ కన్నా చాలా గట్టిది, అక్కడ వాటి వాటా బరువుకి రెండింతలే. మైదాకి దాని బరువులో 58 నుంచి 60 శాతం, ఫ్లేక్స్‌కి రెండింతలు, రెండూ కూడితే దాదాపు మీ ద్రవం. మరి పిండి మొదట రాయిలా ఎందుకుంది? ఫ్లేక్స్ నిమిషంలోనే అందిన నీళ్లన్నీ లాగేసుకుంటాయి, మైదాకి తడవడానికి సమయం పడుతుంది. ఆ మొదటి ఐదు నిమిషాల్లో ముద్ద ఎండిపోయినట్టు కనిపిస్తుంది. మీరు నీళ్లు పోశారు. తర్వాత మైదా నాని సడలేసరికి ఆ నీళ్లు అదనమయ్యాయి. గట్టిగా ఉన్నా సరే, మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేసి అప్పుడు నిర్ణయించండి.

కొలత ఇది. 8½ × 4½ అంగుళాల టిన్నుకి: మైదా 300 గ్రాములు, ఉప్పు మసాలా లేని ఫ్లేక్స్ 24, చక్కెర 20, ఉప్పు 5, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4, మెత్తటి వెన్న 30, పాలు 110 మిల్లీలీటర్లు, నీళ్లు 95, పక్కన ఇంకో 15 నీళ్లు. వెన్న తప్ప అన్నీ కలిపి ఇరవై నిమిషాలు ఆపండి. పిసికి చూసి అవసరమైతేనే ఆ 15 వేయండి. తర్వాత వెన్న వేసి పది పన్నెండు నిమిషాలు పిసకండి. ఈ ముద్ద మామూలు బ్రెడ్ పిండి కన్నా కాస్త అంటుకుంటుంది, అది దాని సహజం. చేతికి మైదా అద్దుకోవద్దు, నూనె రాసుకోండి. మైదా అద్దిన కొద్దీ బ్రెడ్ బరువెక్కుతుంది.

చెన్నైలో ముఖ్యమైన విషయం వేడి. పిసకడం పూర్తయ్యేసరికి ముద్ద 26, 27 డిగ్రీలు ఉండాలి. మే నెలలో వంటింట్లోనే 34, 35 ఉంటుంది, కాబట్టి పాలు, నీళ్లు రెండూ ఫ్రిజ్‌లోంచి తీసినవే వాడండి. అమెరికా వంటల్లో రాసే గోరువెచ్చని పాలు మనకి పనికిరావు. ఉర్లగడ్డలోని చక్కెరలు, ఖనిజాలు ఈస్ట్‌కి మేతలాంటివి, పులియడం వేగంగా ఉంటుంది. వేసవిలో మొదటి పొంగు 40 నుంచి 50 నిమిషాల్లో, డిసెంబరులో గంటంబావుకి. గడియారం కన్నా ముద్ద రెట్టింపు కావడమే గుర్తు. మీ పిండి గంటకి జారిపోవడంలో అతిగా పులియడం వాటా కూడా ఉండే ఉంటుంది.

టిన్నులో పెట్టాక అంచుకి ఒక సెంటీమీటరు పైకి లేస్తే, వేలితో నొక్కిన గుంట నెమ్మదిగా సగం పూడితే, ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) 180 డిగ్రీల దగ్గర, కింద మెట్టులో, రెండు రాడ్లతో 32 నుంచి 35 నిమిషాలు కాల్చండి. ఇది త్వరగా ఎర్రబడే బ్రెడ్. ఇరవై నిమిషాలకే పైన రంగొచ్చిందని తీసేస్తే లోపల పచ్చి. రంగు రాగానే పైన ఫాయిల్ కప్పి సమయం పూర్తి చేయండి. గుచ్చే థర్మామీటర్ ఉంటే మధ్యలో 93 నుంచి 95 డిగ్రీలు చూడాలి. తీసిన వెంటనే టిన్నులోంచి జాలీ మీదికి మార్చి గంటన్నర కోయకండి. వేడిగా కోస్తే, లోపల గంజి ఇంకా బిగియలేదు కాబట్టి, బాగా కాలిన బ్రెడ్ కూడా పచ్చిగా అంటుకుంటుంది.

ఇదే ముద్దని పన్నెండు ఉండలు చేసి 190 డిగ్రీల్లో 16 నుంచి 18 నిమిషాలు కాలిస్తే పావ్ బన్నులు. తడి పట్టుకునే బ్రెడ్ కనుక మన గాలిలో మూడో రోజుకి బూజు పట్టొచ్చు. రెండు రోజుల పాటు బయట, మిగిలింది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో. ఫ్రిజ్ కింది అరలో పెడితే బూజు పట్టదు కానీ అన్నిటికన్నా త్వరగా గట్టిపడేది అక్కడే.

చపాతీకి కూడా ఇదే రెండింతల లెక్క: గోధుమపిండి 250 గ్రాములు, ఫ్లేక్స్ 25, నీళ్లు 210 నుంచి 220. అరగంట నానితే మధ్యాహ్నం డబ్బాలో మెత్తగా ఉంటాయి.

మురుకుల్లో తప్పకుండా వాడొచ్చు, కానీ ఇక్కడ ప్రమాదం కూడా ఉంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. పిండిలో నానని ఫ్లేక్ ఉండ ఒకటి మిగిలినా, అది మురుకు గొట్టం రంధ్రానికి అడ్డుపడుతుంది. మీరు బలంగా ఒత్తితే గాలి బుడగతో సహా నూనెలో పడి పేలి చింది మీద పడొచ్చు. అందుకని ఫ్లేక్స్‌ని మిక్సీలో మెత్తగా పొడి చేసి, సన్న జల్లెడ పట్టి, మిగిలిన పిండితో పొడిగానే బాగా కలిపాకే నీళ్లు. బియ్యప్పిండి 250 గ్రాములు, పుట్నాల పప్పు పొడి 40, ఫ్లేక్స్ పొడి 40, వెన్న 25, ఉప్పు, వాము లేదా జీలకర్ర. నీళ్లు కొద్దికొద్దిగా 260 నుంచి 280 మిల్లీలీటర్లు పడతాయి. పది నిమిషాలు తడిగుడ్డ కప్పి ఉంచి, మళ్లీ ఒకసారి మదాయించి ఒత్తండి. ఒత్తితే తెగుతుంటే నీళ్లు చాలలేదు, గొట్టం నుంచి వచ్చి సాగి వాలిపోతుంటే ఎక్కువయ్యాయి. నూనె 170 దగ్గర, నురుగు తగ్గేదాకా. బియ్యప్పిండి మురుకు కన్నా ముందే రంగొస్తుంది, రంగు చూసి తీస్తే మెత్తబడతాయి, కాబట్టి నురుగునే నమ్మండి. ఫ్లేక్స్ ఇంతకన్నా పెంచకండి, గాలిలో తేమ పీల్చి మర్నాటికే కరకర పోతుంది. దీపావళి వచ్చే ఐప్పసి నెల వానల్లో అసలే గాలి తడిగా ఉంటుంది. చల్లారగానే డబ్బాలో పెట్టి మూత బిగించండి.

మీ వారి విషయంలో స్పష్టంగా చెప్పాలి. ఇది మామూలు ఉర్లగడ్డ కన్నా నయమేమీ కాదు. ఫ్లేక్స్ మాష్ గ్లైసీమిక్ ఇండెక్స్ 80కి పైనే ఉంటుంది, రక్తంలో చక్కెరని వేగంగా పెంచే వాటిలో ఇదొకటి. ఉడికి, మెదిగి, ఎండిన గంజి కడుపులో చాలా త్వరగా అరుగుతుంది. కూర చిక్కబడటానికి వేసిన చెంచా వేరు, గిన్నెడు మాష్ వేరు. గిన్నెడు మాష్ ఆయనకి పెట్టకండి. ఆరబెట్టడంలో విటమిన్ సి కూడా చాలావరకు పోతుంది.

ప్యాకెట్ వెనక చూడటం కూడా అలవాటు చేసుకోండి. ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చిన అంకె. ఐఎన్‌ఎస్ 471 అని ఉంటే అది అంటుకోకుండా వేసే కొవ్వు పదార్థం. 450 నల్లబడకుండా వేసేది. 220 నుంచి 228 మధ్య అంకె ఏది ఉన్నా సల్ఫైట్ అనే నిలవ రసాయనం. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఇది పడదు, ఇంట్లో అలాంటివాళ్లుంటే అది లేని ప్యాకెట్ వెతకండి. మీ అమ్మాయి తెచ్చే డబ్బాల్లో వెన్న రుచివి, వెల్లుల్లి రుచివి ఉంటాయి, వాటిలో ఉప్పు ముందే ఉంటుంది. లేబుల్ మీది సోడియంని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది: 100 గ్రాములకి 1,200 మిల్లీగ్రాముల సోడియం అంటే 3 గ్రాముల ఉప్పు. అలాంటివి బ్రెడ్‌కి వద్దు. ‘పొటాటో స్టార్చ్’ అని అమ్మేది పూర్తిగా వేరే సరుకు. అనుమానం ఉంటే చన్నీళ్లలో ఒక చెంచా వేయండి. ఫ్లేక్స్ అయితే వెంటనే ముద్దవుతుంది, స్టార్చ్ అయితే నీళ్లు పాలలా తెల్లబడి కాసేపటికి అడుగున పేరుకుంటుంది.

తడిపిన ఫ్లేక్స్ ఏ రూపంలో ఉన్నా చెన్నై వేడిలో బయట రెండు గంటలు మించకూడదు. ఎండబెట్టినా చావని కొన్ని బాక్టీరియా విత్తనాలు తడి, వెచ్చదనం దొరకగానే మేల్కొంటాయి. అవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. బోండా పూర్ణం పొద్దున చేసి సాయంత్రం వాడాలంటే ఫ్రిజ్‌లోనే.

ఇక మిగిలిన సగం ప్యాకెట్. గడ్డలు కట్టడం అంటే గాలిలోని తేమ లోపలికి వెళ్లింది. ఒక పళ్లెంలో పోసి వాసన చూడండి. మామూలు ఎండు ఉర్లగడ్డ వాసన ఉంటే పర్వాలేదు. ఎండుగడ్డి వాసనో పాత నూనె వాసనో వస్తే అందులోని కాస్త కొవ్వు గాలికి పాడైందని అర్థం, ఏం చేసినా పోదు, పారేయండి. పసుపు మచ్చలు, నల్ల చుక్కలు, పురుగు ఉన్నా అంతే. వాసన బాగుంటే వేలితో నలిపినా విరగని గట్టి గడ్డలు తీసేసి, మిగిలింది పలచగా పరిచి ఓటీజీలో 60 డిగ్రీల దగ్గర తలుపు కాస్త తెరిచి ఇరవై నిమిషాలు ఆరబెట్టండి. పూర్తిగా చల్లారాక 100 గ్రాముల చొప్పున జిప్ కవర్లలో గాలి తీసి మూసి, ఆ కవర్లన్నీ రబ్బరు అంచున్న గాజు సీసాలో పెట్టండి. స్టీలు డబ్బా మూత గాలిని ఆపదు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, కానీ తీసిన కవరు గది వేడికి వచ్చేదాకా విప్పకండి, చల్లటి ఫ్లేక్స్ మీద గాలిలోని తడి మంచులా పడుతుంది. మురుకులకి కావలసిన 40 గ్రాములు ఇప్పుడే తూచి, కవరు మీద రాసి వేరుగా పెట్టండి. మిగిలింది రెండు నెలల్లో వాడేయండి.